షిప్పర్, ఆర్మీ, పిచ్చి: టీవీ అభిమానుల మాటలకు ఒక వ్యాఖ్యానం

"నేను సుధీర్–రష్మి షిప్పర్ని, మా అన్న కౌశల్ ఆర్మీ, మా అమ్మకు సీరియల్ పిచ్చి."

2018 ప్రాంతంలో విశాఖపట్నంలో ఏ ఇంట్లోనైనా వినబడగలిగిన వాక్యం ఇది. కాలేజీలో చదువుకునే ఆడపిల్ల అన్నదనుకుందాం. ఇంట్లో టీవీ ఒకటే. దాని ముందు కూర్చునేవాళ్లు ముగ్గురు, వాళ్లకు పేర్లు మూడు. ఒకటి అమెరికాలో పుట్టింది, ఒకటి సైన్యం నుంచి వచ్చింది, మూడోది మన ఇళ్లలోదే. కావ్యాలకు వ్యాఖ్యానం రాసినవాళ్లు పద్యాన్ని ముందు పెట్టుకొని ఒక్కో మాటా విడదీసి, కవి చెప్పకుండా వదిలేసినదాన్ని అధ్యాహారం చేసుకొని అర్థం చెప్పేవారు. ఈ వాక్యానికీ ఆ పద్ధతే సరిపోతుంది.

షిప్పర్

రేవు పట్టణంలో ఈ మాటకు ముందునుంచీ ఒక అర్థం ఉంది. ఓడలో సరుకు ఎక్కాక చేతికొచ్చే కాగితం బిల్ ఆఫ్ లేడింగ్. దాని ముఖం మీద పైన ఎడమచేతి వైపు మొదటి గడి షిప్పర్‌ది. దాని కింద కన్‌సైనీ, ఆ కింద నోటిఫై పార్టీ. సరుకు పంపేవాడు, అందుకునేవాడు, ఓడ చేరిందని కబురు చెప్పవలసినవాడు. రొయ్యలు పంపే కంపెనీ అయినా, ఉక్కు పంపే కర్మాగారమైనా ఆ మొదటి గడిలోనే కూర్చుంటుంది. 1933లో రేవు తెరిచిన ఈ ఊళ్లో ఎగుమతి కాగితాలు నింపే గుమాస్తాకు షిప్పర్ అంటే ఎగుమతిదారే, మరొకరు తోచరు.

టీవీ షిప్పర్ వేరే కొమ్మ. 1993లో అమెరికాలో ఫాక్స్ చానల్ "ది ఎక్స్-ఫైల్స్" అనే సీరియల్ మొదలుపెట్టింది. మల్డర్, స్కల్లీ అనే ఇద్దరు ఎఫ్‌బీఐ ఉద్యోగులు అంతుచిక్కని కేసులు పరిశోధిస్తుంటారు. వాళ్లిద్దరూ ఒకటైతే బాగుండునని ఆశపడ్డ ప్రేక్షకులకు రిలేషన్‌షిప్పర్లు అని పేరొచ్చింది. ప్రేమలూ గీమలూ అక్కర్లేదు, కేసులు చాలన్నవాళ్లు నోరోమోలయ్యారు, నో రొమాన్స్ అన్నదాన్ని కుదించి. రిలేషన్‌షిప్పర్ నోటికి బరువైపోయి షిప్పర్‌గా మిగిలింది. తర్వాత దాన్నుంచి షిప్ అనే క్రియ కూడా పుట్టింది. ఏ ఇద్దరినైనా మనసులో జంటగా కలిపేసుకోవడం షిప్ చేయడం.

రెండు షిప్పర్లూ పలకడానికి ఒకటేగాని వాటి మధ్య రక్తసంబంధం లేదు. ఓడకు పాత ఇంగ్లీషులో పేరు స్కిప్. రిలేషన్‌షిప్, ఫ్రెండ్‌షిప్ మాటల చివర ఉన్నది ఓడ కాదు, స్కిపె అనే ప్రత్యయం. అది రూపం అనే అర్థమున్న షేప్‌కు చుట్టం, జర్మన్ షాఫ్ట్‌కు తోబుట్టువు. తెలుగులో దాని పని చేసేది 'రికం': పెద్దరికం, పేదరికం, చుట్టరికం. రిలేషన్‌షిప్ అంటే ఒక అర్థంలో చుట్టరికమే కదా. ఆ చుట్టరికంలో చుట్టాన్ని తీసేసి, మిగిలిన రికానికి 'దారు' తగిలించి 'రికందారు' అన్నామనుకోండి, షిప్పర్ అచ్చం అలాంటి మాట. అర్థాన్ని మోసే తల రాలిపోయి, తనకంటూ అర్థం లేని తోక నిలబడి మాట అయిపోయింది. ఆమ్నిబస్ నుంచి బస్ మిగిలింది కూడా ఇలాగే. లాటిన్‌లో 'అందరికీ' అని చెప్పే మాటలో చివరి విభక్తి ముక్క అది. మద్దిలపాలెం డిపోలో ఆ విభక్తి ప్రత్యయాన్నే మనం రోజూ ఎక్కి దిగుతున్నాం.

మన వాక్యంలోని జంట సంగతి. ఈటీవీలో "జబర్దస్త్" 2013 ఫిబ్రవరిలో మొదలైంది. దాని కొనసాగింపుగా వచ్చిన "ఎక్స్‌ట్రా జబర్దస్త్"కు యాంకర్‌గా చేసిన రష్మి గౌతమ్ విశాఖ అమ్మాయి. అందులో స్కిట్లు చేసిన సుడిగాలి సుధీర్‌ది విజయవాడ. స్టేజీ మీద వాళ్లిద్దరి మాటా మాటా, చూపూ చూపూ కలిసిన తీరు జనానికి ఎంత నచ్చిందంటే ఒక ప్రత్యేక కార్యక్రమంలో తెర మీద పెళ్లి తంతు కూడా జరిపించారు. మేము స్నేహితులమే అని వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. చూసేవాళ్లు మాత్రం ఆ జంటను వదల్లేదు.

దీన్ని అమెరికా నుంచి దిగిన కొత్త జబ్బు అనుకోనక్కర్లేదు. తెలుగులో 'సంబంధం' అన్న మాటను చూడండి. రిలేషన్‌షిప్ అనే అర్థమూ దానిదే, పెళ్లి కుదర్చడమనే అర్థమూ దానిదే. 'మంచి సంబంధం ఉంది, చూస్తారా' అనగానే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. ఈడూ జోడూ చూడటం, ఎదురింటి అబ్బాయినీ పక్కింటి అమ్మాయినీ మనసులోనే కలిపేయడం మనకు ఇంటింటి విద్య. షిప్పర్‌కు తెలుగు పేరు ఎప్పుడో ఉంది: పెళ్లిళ్ల పేరయ్య.

ఇక్కడ రెండు మాటలు అధ్యాహారం చేయాలి. వాక్యంలో అవి లేవు, అవి లేకుండా వాక్యమూ లేదు.

ఫ్యాన్

వైశాఖ మాసపు ఉక్కపోతలో విశాఖవాళ్లకు ప్రాణం పోసే ఫ్యాన్ లాటిన్ వన్నుస్ నుంచి వచ్చింది. వన్నుస్ అంటే తూర్పార పట్టే చేట. సినిమా ఫ్యాన్, టీవీ ఫ్యాన్ వేరు. అది ఫనాటిక్‌కు పొట్టి రూపమని ఎక్కువమంది పండితుల మాట. ఫానుమ్ అంటే లాటిన్‌లో గుడి. ఫానాటికుస్ అంటే గుడికి చెందినవాడు, దేవత ఒంటిమీదికి వచ్చినవాడు. తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే పూనకం వచ్చినవాడు. ఇంగ్లీషులో ఫనాటిక్ మతోన్మాదిగా మారి, 1880లలో అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో ఫ్యాన్‌గా కుదించుకుపోయింది. ఇంగ్లండులో బాక్సింగ్ పోటీలకు ఎగబడే జనాన్ని 'ఫ్యాన్సీ' అనేవారనీ, అదే మూలమనీ మరో వాదం ఉంది. నాకు గుడి వాదమే బలంగా కనిపిస్తుంది. అలా అనిపించడానికి మన దగ్గరే కారణాలున్నాయి.

సినిమా హాళ్లలో కుర్రాళ్లు ఇప్పుడు 'పూనకాలు' అంటున్నారు. వాళ్లలో ఎవరూ లాటిన్ చదువుకోలేదు. పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబ పండగలు చూసి పెరిగినవాళ్లు, తమలో కలిగే ఉద్రేకానికి తమ ఊరి గుడి దగ్గరి మాటనే పెట్టుకున్నారు. రెండు వేల ఏళ్ల కిందట రోములో జరిగిన నామకరణమే ఇక్కడ మళ్లీ జరిగింది. టీవీకైతే గుడి ఇంకా దగ్గర. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ "రామాయణ్" వచ్చిన ఆదివారం పొద్దుళ్లలో దేశమంతటా టీవీ పెట్టెను తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించినవాళ్లున్నారు. చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారు. హిందీ రాకపోయినా కథ తెలుసు కనక భాష అడ్డం రాలేదు. ఫానుమ్ అనే మాట తన పుట్టింటికి తిరిగొచ్చిన ఏడాదిన్నర అది.

అభిమాని

ఫ్యాన్‌కు మనం పెట్టుకున్న మాట అభిమాని. దీని దారి పూర్తిగా వేరు. ఇందులో గుడి లేదు, పూనకం లేదు. ఉన్నది 'నేను'.

సంస్కృతంలో 'మన్' ధాతువుకు అర్థం అనుకోవడం. అభిమానమంటే ఒకదాన్ని చూసి 'ఇది నాది, ఇదే నేను' అనుకోవడం. సాంఖ్యులు అహంకారానికి లక్షణంగా చెప్పింది ఈ అభిమానాన్నే. వేదాంతులు దేహాభిమానం వదులుకోమంటారు, అంటే ఈ దేహమే నేనన్న తలంపు వదలమని. సంస్కృతంలో అభిమాని అంటే గర్విష్ఠి. తెలుగులోకి వచ్చాక మాట మెత్తబడింది. దుర్యోధనుణ్ణి అభిమానధనుడన్నప్పుడు పాత అర్థమే నిలిచింది. 'అభిమానం చంపుకొని అప్పు అడిగాడు' అన్నచోట అది ఆత్మగౌరవం. 'మా మీద అభిమానంతో వచ్చారు' అన్నచోట ప్రేమ. గర్వం, పరువు, ప్రేమ మూడూ ఒకే మాటలో ఇమిడాయి. గురజాడ నాటికే దేశాభిమానం వాడుకలో ఉంది. ఆ వరుసలోనే భాషాభిమాని వచ్చాడు, నాటకాభిమాని వచ్చాడు, చివరికి సినిమా అభిమాని.

అందుకే ఫ్యాన్, అభిమాని పర్యాయపదాలని నేను ఒప్పుకోను. ఫ్యాన్‌లో ఇంకెవరో వచ్చి మనిషిని ఆవహిస్తారు. అభిమానిలో మనిషే వెళ్లి ఇంకొకరిని తనదిగా చేసుకుంటాడు. తన హీరోను ఎవరైనా ఒక మాటంటే తెలుగు అభిమాని అంతగా ఎందుకు నొచ్చుకుంటాడో ఆ మాటలోనే రాసి ఉంది. తిట్టు తగిలింది హీరోకు కాదు, తన మానానికి. దీని ముందు 'వీర' చేర్చి వీరాభిమాని అన్నప్పుడు, వీరశైవ, వీరవైష్ణవ శబ్దాల్లో ఉన్న వీరత్వమే అక్కడా పనిచేస్తోంది. రాజీ పడని నిష్ఠ దాని అర్థం, కత్తి పట్టడం కాదు. కత్తి తర్వాతి మాటలో వస్తుంది.

కౌశల్ ఆర్మీ

2017 జులైలో స్టార్ మాలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా "బిగ్ బాస్" తెలుగు మొదలైంది. మరుసటి ఏడాది జూన్ 10న నాని వ్యాఖ్యాతగా రెండో సీజన్ వచ్చింది. విశాఖపట్నంలో పుట్టిన కౌశల్ మండా అప్పటికి చాలా ఏళ్లుగా మోడలింగ్‌లో, సీరియళ్లలో, సినిమా చిన్న పాత్రల్లో ఉన్నవాడు. ఇంటి లోపల ఎక్కువమంది అతనికి ఎదురు తిరిగినకొద్దీ బయట అతనికి మద్దతు పెరిగింది. ఆ మద్దతుదారులు తమకు పెట్టుకున్న పేరు కౌశల్ ఆర్మీ. సెప్టెంబరులో హైదరాబాద్‌లో అతని పేరున 2కె నడక కూడా జరిపారు. సెప్టెంబరు 30న వెంకటేశ్ ముఖ్య అతిథిగా వచ్చిన ఫైనల్లో గీతామాధురిని దాటి కౌశల్ గెలిచాడు. ఆ నెలలోనే మన కంచరపాలెం మనుషులు తామే నటించిన "కేరాఫ్ కంచరపాలెం" విడుదలైంది. విశాఖకు చిన్న తెర మీదా పెద్ద తెర మీదా ఒకేసారి పేరొచ్చిన సెప్టెంబరు అది.

ఇక మాట. లాటిన్‌లో ఆర్మాటా అంటే ఆయుధం దాల్చినది. ఫ్రెంచి దారిలో వచ్చి ఇంగ్లీషులో ఆర్మీ అయింది, నేల మీద నడిచే దండు. స్పానిష్ దారిలో ఆర్మాడా అయింది, సముద్రం మీది యుద్ధనౌకల వరుస. 1588లో ఇంగ్లండు మీదికి వెళ్లిన స్పెయిన్ ఆర్మాడా అదే. తూర్పు నావికాదళానికి నెలవైన ఊరికి ఆర్మాడాయే దగ్గరి చుట్టం. అయినా బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామిని చూస్తూ పెరిగిన కుర్రాళ్లు కూడా ఆర్మీయే అన్నారు. ఎందుకంటే ఆ మాట అప్పటికే తయారై వచ్చింది. 2013లో కొరియా సంగీత బృందం బీటీఎస్ తన అభిమానులకు ఆర్మీ అని పేరు పెట్టింది. 2017లో తమిళ "బిగ్ బాస్" మొదటి సీజన్లో నటి ఓవియాకు జనం ఓవియా ఆర్మీగా నిలబడ్డారు. ఏడాది తిరిగేసరికి తెలుగు "బిగ్ బాస్" అభిమానులూ అదే మాట అందుకున్నారు.

సినిమా అభిమానులకు సంఘాలుంటాయి. సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, రక్తదాన శిబిరం, పుట్టినరోజు పండగ. నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. "బిగ్ బాస్" ఆట వంద రోజుల పైచిలుకు మాత్రమే. అందులో ప్రతి వారం ఒకరు వెళ్లిపోవాలి, ఎవరు వెళ్లాలో తేల్చేది ఓట్లు. గడువు ఉంది, శత్రువు ఉన్నాడు, ప్రతి వారం ఒక యుద్ధం ఉంది. దానికి సంఘం చాలదు, దండు కావాలి. ఆర్మీ అన్న మాట అంత బలంగా అతుక్కుపోవడానికి కారణం ఆటలో ఉన్న ఈ అమరికే అని నా అభిప్రాయం.

ఆ దండు చేతిలోని ఆయుధం ఓటు. రెండో సీజన్ నాటికి గూగుల్‌లో వెతికి ఓటేయడం, మిస్డ్ కాల్ ఇవ్వడం ఉండేవి, తర్వాత హాట్‌స్టార్ యాప్‌కు మారింది. వోట్ అనే మాటకు మూలం లాటిన్ వోటుమ్, అంటే మొక్కు. ఫ్యాన్ గుడి నుంచి వచ్చినవాడైతే ఓటు అతను చెల్లించే మొక్కు. సింహాచలం అప్పన్నకు కోడెదూడను సమర్పించేవాళ్లున్న ఊళ్లో ఈ అర్థాన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు. 2017లో విశాఖ గాయకుడు రేవంత్ హిందీ "ఇండియన్ ఐడల్" తొమ్మిదో సీజన్ గెలిచాడు, 2022లో "బిగ్ బాస్" తెలుగు ఆరో సీజన్ గెలిచాడు. రెండిటికీ ఇక్కడివాళ్లు వేసిన ఓటు కళకు ఎంతో, 'మన గుంటడు' అన్న మాటకు అంత. గుంటడంటే ఉత్తరాంధ్రలో కుర్రాడు. అభిమానానికి అర్థం 'ఇది నాది' అనుకోవడమని పైన చెప్పింది ఇదే.

సీరియల్ పిచ్చి

ఆర్మీ తనకు తాను పెట్టుకున్న పేరు. పిచ్చి ఎదుటివాళ్లు అంటగట్టినది. ఏ అభిమానుల పేరునైనా చూడగానే మొదట అడగవలసింది దాన్ని పెట్టిందెవరని. ఇంగ్లీషులో దీనికి మంచి సాక్ష్యం ట్రెక్కీ.

1966 సెప్టెంబరులో ఎన్‌బీసీలో "స్టార్ ట్రెక్" మొదలైంది. మరుసటి ఏడాది ఒక సైన్స్ ఫిక్షన్ సమావేశానికి కొందరు అందులోని పాత్రలా మొనదేలిన చెవులు పెట్టుకొని వచ్చారు. వాళ్లను చూసి ఆర్థర్ సాహా అనే సంపాదకుడు ట్రెక్కీలు అన్నాడని చెబుతారు. ఇంగ్లీషులో చివరి 'ఈ' ముద్దుకూ వస్తుంది, చులకనకూ వస్తుంది. సంగీత బృందాల వెంట తిరిగే ఆడపిల్లల్ని గ్రూపీలన్నది ఆ దశాబ్దంలోనే. ఆ వాసన నచ్చని అభిమానులు మేము ట్రెక్కీలం కాదు, ట్రెక్కర్లం అని పట్టుబట్టారు. ఒక ప్రత్యయం మీద దశాబ్దాల పాటు పోట్లాడారు. ఆ పోట్లాట చిన్నదని నేను అనుకోను. సీరియల్ ఆగిపోబోతుంటే ఉత్తరాల ఉద్యమం నడిపి మూడో సీజన్ వచ్చేలా చేసినవాళ్లు వాళ్లు. ఆ ఉద్యమానికి ముందు నిలిచింది బిజో ట్రింబుల్ అనే గృహిణి, ఆమె భర్త.

ట్రెక్ అన్న మాట మన తీరానికి దూరమైనది కాదు. డచ్చి భాషలో ట్రెక్కెన్ అంటే లాగడం. దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చివాళ్ల నోట అది ఎడ్లబండ్లు కట్టుకొని చేసే దూరప్రయాణం అయింది. 1830లలో వాళ్లు చేసిన పెద్ద వలసకు గ్రేట్ ట్రెక్ అని పేరు. అక్కడి కేప్ వలసను 1652లో స్థాపించిన డచ్చి ఈస్టిండియా కంపెనీయే ఇక్కడ భీమునిపట్నంలో గిడ్డంగులు పెట్టుకుంది. భీమిలిలో ఆనాటి డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. లాగడానికి ట్రెక్కెన్ అన్న మాట ఆ ఒడ్డున వినిపించే ఉంటుంది. ఇంకొక సంగతి. "బిగ్ బాస్"కు తల్లి అయిన "బిగ్ బ్రదర్" కూడా 1999లో నెదర్లాండ్స్‌లోనే పుట్టింది.

తిరిగి పిచ్చికి. ఈ మాట తమిళ పిత్తుకు తోబుట్టువు. తమిళ శైవులు శివుణ్ణే పిత్తన్ అని పిలుచుకున్నారు, అంత గౌరవం దానికి ఒకప్పుడు దక్కింది. తెలుగులోనూ పిచ్చి ఎప్పుడూ తిట్టు కాదు. 'పిచ్చి తల్లీ' అన్నప్పుడు అందులో ఉన్నది జాలి కలిసిన ప్రేమ. ఇంగ్లీషులో, 2000 సంవత్సరంలో వచ్చిన ర్యాప్ గాయకుడు ఎమినెం పాటలోని పిచ్చి అభిమాని పేరు స్టాన్ తర్వాత మామూలు మాటగా మారింది, ఇప్పుడు కుర్రాళ్లు తమను తాము ఇష్టంగా స్టాన్లు అనుకుంటున్నారు. కానీ సీరియల్ పిచ్చి విషయంలో అలా జరగలేదు. అది ఆడవాళ్ల మీద, అందులోనూ ఇంటిపని చేసే అమ్మల మీద వేసిన ముద్ర. కొడుకు మూడు నెలలు ఫోను వదలకుండా ఓట్లు గుద్దితే వీరాభిమానం, తల్లి ఇంటిపని ముగించుకొని అరగంట సీరియల్ చూస్తే పిచ్చి. ఇది భాషలో ఉన్న అన్యాయం, దీన్ని సరిచేయాలి. వ్యాఖ్యాతలు తప్పు పాఠం కనిపించినచోట పాఠాంతరం సూచిస్తారు. 'మా అమ్మ సీరియల్ అభిమాని' అన్నదే సరైన పాఠం.

వాళ్ల అభిమానం ఎలాంటిదో చూడాలంటే "కార్తీక దీపం" చూడాలి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచిన ఈ సీరియల్ మలయాళ "కరుత్తముత్తు"కు తెలుగు రూపం. నల్లగా ఉందన్న చిన్నచూపు భరించి, వంట చేసి పిల్లను పెంచుకునే దీప పాత్రను రెండు భాషల్లోనూ ప్రేమి విశ్వనాథ్ వేసింది. కథలో ఆమెకున్న వంటలక్క అనే పిలుపు తెర దాటి బయటికొచ్చింది. నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబు అయ్యాడు. నటి అసలు పేరు తెలియనివాళ్లకు కూడా వంటలక్క తెలుసు. సినిమా హీరోలకు మనం స్టార్ అనో, మెగా అనో, ఆకాశంలో ఉండే పేర్లు పెట్టాం. సీరియల్ చూసే ఆడవాళ్లు తమ నాయికకు పెట్టుకున్నది వంటింటిని, చుట్టరికాన్ని కలిపిన పేరు. కేరళ నుంచి వచ్చిన మనిషిని అక్కను చేసుకున్నారు. షిప్పర్లో రాలిపోయిన చుట్టం ఇక్కడ మాటలోనే నిలిచి ఉంది. సీరియల్ అయిపోయిన ఏడాదికి, 2024 మార్చిలో, అదే వంటలక్కను, అదే డాక్టర్ బాబును పెట్టి స్టార్ మా "కార్తీక దీపం" రెండో కథ మొదలుపెట్టింది.